రసాయన శాస్త్రజ్ఞుడు హాఫ్మన్

నెరసిన తలకు నల్లరంగు వేసికొనుట ఈ దినములలో మన పట్టణములందును పల్లెలందును సామాన్యమైపోయినది. అంగడిలో కొన్న ఆ పొట్లముమీద చిన్న యక్షరములతో అచ్చువేసిన పదార్థముల పట్టికను చదువువారు మాత్రము అరుదు. చదివినవారికి అందు పారా ఫినిలీన్ డయామిన్ అను నోరు తిరుగని పేరొకటి తరచుగా కనబడును. దీనినే క్లుప్తముగా పి.పి.డి. యందురు. ఈ పదార్థమును 1863వ సంవత్సరమున రసాయన లోకమునకు తెలియజేసిన మహనీయుడు ఆగస్టు విల్హెల్మ్ హాఫ్మన్. ఆయన తలరంగులు అమ్మినవాడు కాడు. ఎవరి తలకును రంగు వేసినవాడును కాడు. ఐనను ఆయన జీవితమును చదివినచో బొగ్గుతారునుండి రంగులెట్లు పుట్టినవో, ఆ రంగుల వెంట అపాయములెట్లు వచ్చినవో, రెండును తెలియును. అందుచేత ఆ చరిత్రను మన విద్యార్థుల కొరకు ఇచ్చట కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

హాఫ్మన్ 1818 ఏప్రిల్ 8వ తేదీన జర్మనీలోని గీసెన్ పట్టణమున జన్మించెను. తండ్రి కట్టడముల నిర్మాణమున పేరు పొందిన వాస్తుశిల్పి. కుమారుడు మొదట న్యాయశాస్త్రమును, భాషలను చదువ నారంభించెను. ఆ కాలమున గీసెన్ విశ్వవిద్యాలయమున లీబిగ్ అను ఆచార్యుడు రసాయనశాస్త్రము బోధించుచుండెను. అంతకుముందు అనేక విద్యాలయములలో విద్యార్థులు ఉపన్యాసము విని పోవుటయే గాని తమ చేతులతో ప్రయోగములు చేయుట అరుదు. లీబిగ్ ఆ పద్ధతిని మార్చి, శిష్యులకు ప్రయోగశాలలోనే తావిచ్చి పని నేర్పెను. దేశదేశములనుండి విద్యార్థులు వచ్చి చేరుటచే స్థలము చాలకపోగా, 1839లో ఆ ప్రయోగశాలను పెంచి కట్టు పని హాఫ్మన్ తండ్రికే లభించెను. ఇట్లు తండ్రి కట్టిన గదులలోనే కుమారుడు న్యాయశాస్త్రమును విడిచి రసాయనము నేర్చుకొనెను. 1841లో డాక్టరు పట్టము పొంది, గురువునకు సహాయకుడై నిలిచెను.

ఆ దినములలో ఐరోపా నగరముల వీధిదీపములకు రాక్షసిబొగ్గునుండి తీసిన వాయువును వాడుచుండిరి. బొగ్గును గాలి తగులకుండ కాచినప్పుడు వాయువు పైకి పోగా, నల్లని చిక్కని తారు అడుగున మిగులును. దుర్గంధముతో కూడిన ఆ తారు కర్మాగారముల వారికి పెద్ద తలనొప్పిగా నుండెను. కొంత కొయ్యలకు పూయుదురు, మిగిలినది పారబోయుదురు. లీబిగ్ పూర్వశిష్యుడొకడు ఒఫెన్‌బాక్ అను ఊర తారును బట్టీపట్టి నూనె తీయుచు, ఆ నూనెలో కొంత పరీక్షార్థము గురువునకు పంపెను. గురువు దానిని హాఫ్మన్‌నకు అప్పగించెను. యువకుడు ఆ నూనెనుండి ఆమ్లముల సాయమున రెండు క్షారద్రవ్యములను వేరుచేసి, 1843లో ఆ ఫలితమును ప్రకటించెను. అందొకటి అనిలీన్.

ఈ అనిలీన్ అప్పటికే నాలుగు చోట్ల నాలుగు పేర్లతో కనబడియుండెను. నలుగురు శాస్త్రజ్ఞులు వేర్వేరు మూలములనుండి దీనిని తీసి, ఎవరికి వారు క్రొత్త వస్తువనుకొని నామకరణము చేసిరి. ఆ నాలుగును ఒక్కటే యని నిరూపించినది హాఫ్మన్. వారిలో ఇద్దరు దీనిని నీలిమందునుండియే తీసిరి. నీలి యను మన మాటయే అరబ్బుల నోట పడి, పోర్చుగీసువారి నోట అనిల్ అయి, చివరకు జర్మనీలో అనిలీన్ అయినది. మన కడప, నెల్లూరు మండలములలో రైతులు నీలిమొక్కను పండించి, తొట్లలో ఊరవేసి, చిలికి, ఆరబెట్టి, ఓడలకెక్కించుచుండిన ఆ నీలికిని, జర్మనీ తారుపీపాలకును ఈ విధముగా చుట్టరికము కలిసెను. ఆ చుట్టరికము మన రైతునకు మేలు చేయలేదు. తారునుండి వచ్చిన పదార్థములతో చేసిన కృత్రిమ నీలి 1897లో జర్మనీనుండి అంగడికి రాగా, మన నీలితొట్లు ఒకటొకటిగా ఎండిపోయెను. అది హాఫ్మన్ మరణానంతర కథ గావున ఇంతటితో విడిచెదము.

1845లో ఆయన జీవితము పెద్ద మలుపు తిరిగెను. ఇంగ్లండులో వ్యవసాయమునకును పరిశ్రమలకును తోడ్పడునట్లు రసాయన కళాశాల యొకటి స్థాపింపవలెనని కొందరు పెద్దలు సంకల్పించిరి. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ రాకుమారుడు ఈ పనికి ఆదరువుగా నుండెను. ఆ యేడు రాణీదంపతులు జర్మనీలోని బాన్ పట్టణమునకు వచ్చినప్పుడు, రాకుమారుడు విద్యార్థిగా తాను నివసించిన గదులను భార్యకు చూపబోగా, అందు సీసాలతోను గొట్టములతోను హాఫ్మన్ కాపురముండెనని చెప్పుదురు. ఎట్లైనను, 27 ఏండ్ల ఈ యువకుని లండనునకు పంపుటకు బాన్ విశ్వవిద్యాలయము రెండేండ్ల సెలవు నిచ్చెను. ఆ రెండేండ్లు ఇరువది యేండ్లయినవి.

లండనులో ఆయన లీబిగ్ పద్ధతినే నాటెను. ఉదయమునుండి సాయంకాలము వరకు ఒక్కొక్క విద్యార్థి బల్లయొద్దకు వచ్చి, పని చూచి, ప్రశ్న వేసి, ముందుకు నడపుచుండెను. తరువాత జగత్ప్రసిద్ధులైన అనేకులు ఆ బల్లల వెంట నిలిచి పని నేర్చినవారే. వారిలో ఇద్దరి కథ చెప్పక తప్పదు.

మొదటివాడు చార్లెస్ మాన్స్‌ఫీల్డ్. తారునుండి బెంజీన్ అను తేలిక ద్రవమును శుభ్రముగా, విస్తారముగా తీయు మార్గమును కనిపెట్టినవాడితడు. బెంజీన్ సులభముగా దొరికినచో దానినుండి అనిలీన్ చేయవచ్చును. అనిలీన్ సులభముగా దొరికినచో తక్కినవన్నియు చేయవచ్చును. కావున రంగుల పరిశ్రమ యంతయు ఒక విధముగా ఇతని పనిమీద నిలిచినది. 1855 ఫిబ్రవరిలో పారిస్ ప్రదర్శనము కొరకు ఎక్కువ బెంజీన్ తయారుచేయుచుండగా బట్టీ పొంగి అంటుకొనెను. ఇల్లు కాలిపోవునని తలచి అతడు మండుచున్న ఆ పాత్రను చేతులతో నెత్తి వెలుపలికి కొనిపోజూచెను. ఒడలెల్ల కాలి తొమ్మిది దినములు బాధపడి, ఆసుపత్రిలో మరణించెను. అప్పటికి వయస్సు 35 ఏండ్లు. మన పాఠశాల ప్రయోగశాలలో బెంజీన్ కంటికి కనబడకపోయినను స్పిరిటు దీపము నిత్యము మండుచునే యుండును గావున ఈ సంగతిని దాచక వ్రాసితిమి.

రెండవవాడు విలియం హెన్రీ పెర్కిన్. పదునైదవ యేట కళాశాలలో చేరిన బాలుడు. మలేరియా జ్వరమునకు మందైన క్వినైనును తారు పదార్థములనుండి కృత్రిమముగా చేయవచ్చునేమో యను ఆశను హాఫ్మన్ 1849లో వెలిబుచ్చియుండెను. ఆ మాట పెర్కిన్ మనస్సున నాటుకొనెను. 1856 ఈస్టరు సెలవులలో, గురువు ఊరలేని సమయమున, పదునెనిమిదేండ్ల పెర్కిన్ తన యింటిలోని చిన్న ప్రయోగశాలలో అనిలీన్‌నకు పొటాసియం డైక్రోమేటు చేర్చెను. క్వినైను రాలేదు, నల్లని మడ్డి వచ్చెను. పాత్ర కడుగుటకు సారాయి పోయగా అది చక్కని ఊదారంగుగా కరగెను. పట్టుగుడ్డ ముంచిచూడగా రంగు నిలిచెను. అదియే మావ్ అను పేరుగల తొలి అనిలీన్ రంగు. పెర్కిన్ చదువు విడిచి కర్మాగారము పెట్టెదనని చెప్పగా హాఫ్మన్ సంతోషింపలేదు. గురువు అసూయపడెనని కొందరందురు. మాకట్లు తోచదు. చేతికందిన శిష్యుడు శాస్త్రమును విడిచి వ్యాపారమునకు పోవుచున్నప్పుడు ఏ ఉపాధ్యాయుడైనను మొదట నొచ్చుకొనును. పైగా కొలది యేండ్లలోనే ఆ గురువు తానును రంగులలో దిగి, ఎఱ్ఱని మెజెంటా రంగు యొక్క నిర్మాణమును శోధించి, 1863లో తన పేరుగల ఊదారంగులను తయారుచేసెను.

ఇచ్చట చదువరులు ఒక్క విషయమును గుర్తింపవలెను. అనిలీన్ స్వయముగా రంగులేని నూనె. దానికి ఆమ్లజని అందినప్పుడే రంగు పుట్టును. పెర్కిన్ చేర్చిన డైక్రోమేటు ఆమ్లజనిని ఇచ్చు పదార్థమే. ఇట్లు ఆమ్లజని వలన పుట్టు రంగులకు ఆమ్లీకరణపు రంగులని పేరు పెట్టవచ్చును. తలరంగు రహస్యమంతయు ఇందే యున్నది.

ఆ రహస్యములోనికి పోవుటకు ముందు, 1862లో జరిగిన సంగతి యొకటి చెప్పవలెను. మాకు హాఫ్మన్ జీవితములో మిక్కిలి గౌరవము కలిగించిన ఘట్టమిదియే. అప్పుడు లండను స్త్రీలు కృత్రిమమైన ఆకులతోను పూలతోను తలను అలంకరించుకొనుట నాగరికముగా నుండెను. ఆకులకు కన్నులు చెదరు పచ్చదనమునిచ్చు పొడి రాగిని పాషాణముతో కలిపి చేసినది. 1861 నవంబరులో మటిల్డా షూరర్ అను 19 ఏండ్ల పిల్ల, ఆకులమీద ఆ పచ్చపొడిని చల్లు కూలిపని చేయుచు, ఒడలికి విషమెక్కి మరణించెను. ఆమె కన్నుల తెల్లగుడ్లు సైతము పచ్చబడెనని నాటి వృత్తాంతములు తెల్పుచున్నవి. స్త్రీల ఆరోగ్యసంఘము వారు కొన్ని ఆకులను హాఫ్మన్‌నకు పంపి పరీక్షింపుమని కోరిరి. ఆయన పరీక్షించి, ఒక్క శిరోభూషణములోని పాషాణము ఇరువదిమందిని చంపుటకు చాలునని లెక్కకట్టి, ఆ ఫలితమును 1862 ఫిబ్రవరిలో టైమ్సు పత్రికలో ప్రకటించెను. విందులలో నాట్యమాడు స్త్రీలు తలమీద మృత్యువును మోయుచున్నారను భావము వచ్చునట్లు ఆ వ్యాసమునకు పేరు పెట్టబడెను. తాను రంగుల శాస్త్రమున ప్రముఖుడైయుండియు, రంగులోని విషమును నలుగురెరుగ చెప్పుటకు ఆయన వెనుదీయలేదు.

ఆ మరుసటి యేడే, అనగా 1863లో, ఆయన పారా ఫినిలీన్ డయామిన్‌ను వర్ణించెను. అది ఎట్టిదో తెలియుటకు ఆయనయే మనకు ఒక సాధనమును ఇచ్చిపోయెను. 1865 ఏప్రిల్‌లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను విద్యాసభలో ఉపన్యసించుచు, పచ్చికబయలున ఆడు క్రోకే ఆటలోని కొయ్యబంతులకు రంగులు వేసి, కడ్డీలతో గ్రుచ్చి, అణువుల నమూనాలను సభికులకు చూపెను. బొగ్గునకు నలుపు, హైడ్రోజనునకు తెలుపు, నత్రజనికి నీలము, ఆమ్లజనికి ఎఱుపు, క్లోరినునకు ఆకుపచ్చ. నేటికిని పాఠశాలల నమూనా పెట్టెలలో ఇవే రంగులు నడచుచున్నవి. ఆ యేటనే కేకులే అను శాస్త్రజ్ఞుడు బెంజీన్‌లోని ఆరు బొగ్గు పరమాణువులు వలయముగా నుండునని ప్రతిపాదించెను. ఆరు నల్లబంతులను వలయముగా కూర్చి, ఒక కొనయందు రెండు తెల్లబంతులను మోయు నీలబంతినొకదానిని తగిలించి, తక్కిన అయిదు కొనలకు ఒక్కొక్క తెల్లబంతిని పెట్టినచో అది అనిలీన్. దానికి సరిగా ఎదుటి కొనయందు మరియొక నీలబంతిని అట్లే తగిలించినచో పారా ఫినిలీన్ డయామిన్. మొత్తము ఆరు నల్లనివి, రెండు నీలములు, ఎనిమిది తెల్లనివి. మిక్కిలి చిన్న అణువు. శుద్ధముగా నున్నప్పుడు దానికి రంగు లేదు. గాలి తగిలినచో క్రమముగా నల్లబడును.

ఇది వెండ్రుకలో రంగుగా మారవలెనన్న ఆమ్లజని కావలెను. దానినిచ్చునది హైడ్రోజన్ పెరాక్సైడు. పారిస్ నగరమున థెనార్ అను శాస్త్రజ్ఞుడు దానిని కనిపెట్టినది 1818లో. హాఫ్మన్ పుట్టిన యేడే. ఈ రెండును కలిసికొనుటకు అరువదియైదేండ్లు పట్టెను. 1883లో పారిస్‌లోని ఒక సంస్థ ఈ రెంటిని చేర్చి రంగువేయు పద్ధతికి పేటెంటు పొందెను.

పని యెట్లు జరుగునో చూడుడు. మన వెండ్రుక పైపొర చేపపొలుసులవలె ఒకదానిపై నొకటి కప్పుకొనియుండును. తలరంగులోని అమోనియా ఆ పొలుసులను ఉబ్బించి, సందు కలుగజేయును. పెరాక్సైడు లోనికి పోయి కొంత సహజవర్ణమును వెలిసిపోజేయును. అదే సమయమున చిన్నవైన ఫినిలీన్ డయామిన్ అణువులును సందులగుండ దూరును. పెరాక్సైడు వానినుండి రెండేసి హైడ్రోజన్ పరమాణువులను లాగివేయగా, అవి నిలుకడలేని, దేనినైనను పట్టుకొన జూచు పదార్థముగా మారును. ఆ స్థితిలో ప్రక్కనున్న మరియొక అణువును పట్టుకొని పెద్దదై రంగు తేలును. తమలో తామే కలిసినచో నలుపు కపిలవర్ణములు వచ్చును. రంగు చేయువారు రిసార్సినాల్ వంటి జతపదార్థములను కూడ కలిపి, ఒకదానితో ఆకుపచ్చచాయ గల కపిలము, వేరొకదానితో ఎఱుపుచాయ, ఇంకొకదానితో నీలము రప్పించి, ఆ చాయలను మేళవింతురు. సన్నమూతి సీసాలోనికి తీగెతోపాటు పిందెను దూర్చి పెరుగనిచ్చినచో కాయ మరల వెలికి రాదు గదా. వెండ్రుకలో చిన్నదిగా దూరి పెద్దదిగా పెరిగిన రంగును అట్లే ఎంత తల అంటుకొన్నను పోదు. ఈ పని అంతయు సుమారు అరగంటలో ముగియును. కలిపిన రంగులో మిగిలినదానిని దాచుకొనరాదని పొట్లముమీద వ్రాయుటకు కారణమును ఇదియే. గిన్నెలోనే ఆ మార్పు జరిగిపోయి అది పనికిరానిదగును.

గోరింటాకు సంగతి వేరు. ఆ ఆకులోని ఎఱ్ఱరంగు పుట్టియే యుండును. నేరుగా పోయి వెండ్రుకకు, గోటికి, చర్మమునకు అంటుకొనును. దానికి పెరాక్సైడుతో పనిలేదు. నలుపు మాత్రము దానివలన రాదు. పూర్వము గోరింటాకు పెట్టినపిమ్మట నీలాకు పొడి పట్టించి నలుపు తెచ్చుకొనెడివారు.

చిన్నతనము, చురుకుదనము అను ఏ రెండు గుణముల వలన హాఫ్మన్ వర్ణించిన ఈ పదార్థము తలరంగునకు తగినదాయెనో, ఆ రెంటివలననే అది అపాయకరము. వెండ్రుక ప్రాణము లేనిది. దాని క్రింది చర్మము ప్రాణము కలది. అణువు చిన్నదగుటచే చర్మములోనికిని దూరును. సగము మార్పు చెందిన స్థితిలో దేనినైనను పట్టుకొనునదగుటచే అచ్చటి మాంసకృత్తులను పట్టుకొనును. శరీర రక్షక కణములు దానిని శత్రువుగా నెంచి గుర్తుపెట్టుకొనును. మొదటిసారి ఏమియు తెలియకపోవచ్చును. ఎన్ని సారులు హాయిగా వాడినవారికైనను ఒకానొక దినమున, రంగు వేసికొన్న ఒకటి రెండు దినములకు, దురదయు, మంటయు, చెవులు కనురెప్పలు వాచుటయు, నీరు కారు పొక్కులును కలుగవచ్చును. ఒకమారు గుర్తుపెట్టుకొన్న పిమ్మట శరీరము సాధారణముగా జీవితాంతము మరువదు. కొన్ని సల్ఫా మందులు, మొద్దుబార్చు బెంజోకేన్ మందు దీనికి జ్ఞాతులగుటచే వానికిని ఎదురుతిరుగవచ్చును. ఫలితము ఆలస్యముగా కనబడును గనుకనే, రంగు వేసికొనుటకు 48 గంటల ముందు చెవి వెనుకనో మోచేతి మడతలోనో చుక్క పెట్టి చూడవలెనని నియమము. మంగలి దుకాణమున కూర్చుండి అయిదు నిమిషములు చూచి లేచిన పరీక్ష పరీక్ష కాదు.

హాఫ్మన్ ఇదంతయు చూడలేదు. 1865లో ఆయన స్వదేశమునకు పిలువబడి బెర్లిను విశ్వవిద్యాలయమున ఆచార్యుడాయెను. 1867లో జర్మను రసాయన సంఘమును స్థాపించి పెక్కుమార్లు దానికి అధ్యక్షుడుగా నుండెను. ఆ కాలముననే వేడి ప్లాటినముపై మెథిల్ సారాయి ఆవిరిని గాలితో పంపి ఫార్మాల్డిహైడ్‌ను కనుగొనెను. 1875లో లండను రాయల్ సొసైటీ వారు కోప్లీ పతకమిచ్చిరి. అమైడులనుండి ఒక బొగ్గు పరమాణువు తక్కువైన అమీనులను చేయు చర్యను 1881లో తెలిపెను. అది నేటికిని ఆయన పేరుతోనే కళాశాలలలో చెప్పబడుచున్నది. డెబ్బదవ జన్మదినమున, 1888లో, ప్రభుత్వము ఆయనకు ప్రభుపదవి నిచ్చెను. గృహజీవితమున మాత్రము కష్టములు తక్కువ కాలేదు. ముగ్గురు భార్యలు ఒకరి తరువాత ఒకరు మరణించిరి; నాలుగవసారి వివాహమాడెను. పదునొకండుగురు సంతానము. ఇన్ని దుఃఖముల నడుమను ఆయన బోధన మానలేదు. 1892 మే 5వ తేదీన బెర్లినులో కాలధర్మము నొందెను.

ఆయన పోవునాటికి ఫినిలీన్ డయామిన్ జంతువుల బొచ్చుతోళ్లకు రంగుగా కర్మాగారములలో ప్రవేశించుచుండెను. బొచ్చుకు రంగువేయు పనివారికి చర్మవ్యాధులును, ఉబ్బసపు దగ్గును పట్టుకొనెను. ఇరువదవ శతాబ్దారంభమున జర్మనీ ప్రభుత్వము తలరంగులలో దీనిని నిషేధించి, చాలకాలమునకు ఆ నిషేధమును సడలించెను. 1907లో యూజీన్ షూలర్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు తలరంగు తయారుచేసి పారిస్ క్షౌరశాలలకు అమ్మి, 1909లో సంస్థ స్థాపించెను. అదియే పెరిగి లొరియాల్ అయినది.

అమెరికాలో 1933 ప్రాంతమున లాష్ లూర్ అను కనురెప్పల రంగు వెలువడెను. అందున్నది ఈ పదార్థమే. దానిని పూసికొన్న స్త్రీలలో కొందరికి కన్నులు పుండ్లుపడెను. చూపు పోయినవారు కలరు, ఒకామె మరణించెను. అప్పటి చట్టమునకు సౌందర్యవస్తువులపై అధికారములేదు. ప్రభుత్వాధికారులు వికృతమైన ఆ ముఖముల పటములను చికాగో ప్రదర్శనములో పెట్టి ప్రజలకు చూపుట దప్ప మరేమియు చేయజాలకపోయిరి. 1938లో క్రొత్త చట్టము వచ్చెను. ఆ చట్టముకూడ తారునుండి పుట్టిన తలరంగులకు, హెచ్చరికయు, ముందుగా చర్మపరీక్ష చేయు విధమును ముద్రించినచో చాలునని మినహాయింపు నిచ్చెను. కనురెప్పలకు, కనుబొమలకు మాత్రము వాడరాదని కట్టడి చేసెను. ఐరోపాలో నేడు తలకు పట్టించునప్పటి మిశ్రమములో ఫినిలీన్ డయామిన్ నూటికి 2 పాళ్లకును, హైడ్రోజన్ పెరాక్సైడు 12 పాళ్లకును మించరాదు.

తలరంగు వలన పుట్టకురుపు వచ్చునా యని పెద్దలు అడుగుదురు. 1975లో అమెరికాలో బ్రూస్ ఏమ్స్ అను శాస్త్రజ్ఞుడును సహచరులును అనేక తలరంగులు సూక్ష్మజీవులలో వంశలక్షణములను మార్చుచున్నవని చూపిరి. తరువాత కొన్ని పదార్థములు విడువబడెను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పుట్టకురుపు పరిశోధన మండలి విచారించి, దినదినము రంగులలో చేతులు ముంచు క్షౌరవృత్తి బహుశః ప్రమాదకరమనియు, సొంతమునకు వేసికొనువారి విషయమున నిర్ణయించుటకు సాక్ష్యము చాలదనియు తేల్చెను. కావున తొడుగులు లేక పనిచేయు పనివానికే అపాయమెక్కువ. పచ్చపొడి చల్లిన ఆ లండను పిల్లకువలెనే.

మన ప్రాంతపు ఆసుపత్రుల వైద్యులు మరియొక విపత్తును బాగుగా ఎరుగుదురు. తలరంగు కడుపులోనికి పోయినచో కొలది గంటలలో ముఖమును మెడయును వాచి ఊపిరి అడ్డుపడును. కండరములు కరగి, మూత్రము నల్లనై, మూత్రపిండములు చెడును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. గొంతునకు రంధ్రము చేసియైనను ఊపిరి నిలిపి, మూత్రపిండములను కాపాడుటయే చికిత్స. గంట గంటకు ప్రాణము జారుచుండును గనుక నాటువైద్యమునకై ఆగక తిన్నగా పెద్దాసుపత్రికి కొనిపోవలెను. ఇంటిలో ఆ పొట్లములు పసిపిల్లలకు అందనిచోట, తాళములో నుండవలెను.

పెండ్లిండ్లలోను తిరునాళ్లలోను అరచేతులకు పెట్టు నల్ల గోరింటాకును గూర్చి బాలికలకొక మాట. గోరింటాకు నల్లగా పండదని పైన చెప్పితిమి. గంటలోపల బొగ్గువలె నల్లబడు ముద్దలో పలుమారు ఈ ఫినిలీన్ డయామిన్ కలిపియుండును. తలరంగులో అనుమతించినదానికంటె మిక్కిలి ఎక్కువగా కూడ కలుపుదురు. అది వెండ్రుకకు గాక నేరుగా చర్మమునకే పూయబడును. ముగ్గు వేసినచోటనే, ఆ గీతల వెంబడి, పొక్కులు లేచిన పిల్లలను చర్మవైద్యులు అనేక దేశములలో చూచియున్నారు. వారిలో పెక్కుమంది పెద్దవారై మొదటిసారి తలరంగు వేసికొన్ననాడు తీవ్రముగా బాధపడిరి. ఈ కారణముచేత ఐరోపాలో తలరంగు పొట్లముమీద రెండు సంగతులు తప్పక ముద్రింపవలెను: పదునారేండ్లు నిండనివారికి ఇది వాడరాదనియు, నల్ల గోరింటాకు పెట్టించుకొన్నవారికి తలరంగు వలన అపాయము హెచ్చుననియు.